తొమ్మిదో ప్రశ్న ఆ పాప చేత అడిగించకండి

ఒడిశా ఆరోగ్య శాఖ పెద్దలకు, గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో మానసిక ఆరోగ్య కార్యక్రమం చూస్తున్న అధికారులకు,

నమస్కారం.

ఈ ఉత్తరం ఒడియాలో రాసి మీ ఆఫీసుకి రిజిస్టర్ పోస్టులో పంపాను. మళ్లీ తెలుగులో, అందరికీ కనపడేలా ఎందుకు పెడుతున్నానంటే ఇది మీకూ నాకూ మధ్య విషయం మాత్రమే కాదు. బరంపురంలో, గోపాల్‌పూర్‌లో, పర్లాకిమిడిలో, కాశీనగర్‌లో, గుణుపురంలో, జయపురంలో గుమ్మం దాటితే ఒడియా, గుమ్మం లోపల తెలుగు మాట్లాడుకునే ఇళ్లన్నిటిదీ. మీ దగ్గర నేనేం అడుగుతున్నానో వాళ్లకీ తెలియాలి.

ముందు నేను చూసింది చెప్తాను. మనుషుల్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, జరిగింది మాత్రం మార్చలేదు.

పోయిన వర్షాకాలం నా ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) స్టూడెంట్స్ ఇద్దరిని ఫీల్డ్‌వర్క్ కోసం ఒక ఆసుపత్రి మానసిక వైద్యం ఓపీకి తీసుకెళ్లాను. ఆసుపత్రి పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఏ ఆసుపత్రిలోనైనా జరిగేదే. ఆ రోజు టోకెన్లు 60 దాటాయి, డాక్టరుగారు ఒక్కరే. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఒకామె లోపలికొచ్చింది, ముప్పై అయిదేళ్లు పైన ఉంటాయి, సముద్రం ఒడ్డున ఉండే మనిషి. చేతిలో బట్టల షాపు కవరు, అందులో మడతలు పడిపోయిన పాత ఈసీజీ కాగితాలు మూడు. పక్కన కూతురు, స్కూల్ యూనిఫారంలోనే ఉంది, ఏడో క్లాసు, ఒడియా మీడియం. ఆమెకి ఒడియా బజారు వరకే వచ్చు, చేపలు అమ్ముకునేంత. డాక్టరుగారికి తెలుగు రాదు. అందుకని పాప మధ్యలో నిలబడింది.

డాక్టరుగారు చాలా మర్యాదస్తులు, విసుక్కోలేదు. ఆయన ముందు ఉన్నది డిప్రెషన్ ఎంత ఉందో చూసే తొమ్మిది ప్రశ్నల కాగితం, పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా అనిపించిందో అడిగి, ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి మూడు వరకు వేస్తారు, మొత్తం 27. పని మీద ఆసక్తి ఉందా, దిగులుగా ఉంటోందా, నిద్ర పడుతోందా, అన్నం తింటోందా, ఇలా ఒక్కోటీ పాప తెలుగులో అడిగి, అమ్మ చెప్పింది ఒడియాలో చెప్తోంది. గబగబా, అప్పజెప్పినట్టు. బాగా చేస్తున్నానన్న ఆనందం కూడా ఆ మొహంలో కనపడింది నాకు.

తొమ్మిదో ప్రశ్న వచ్చింది. చచ్చిపోతే బాగుండునని గానీ, తనకి తాను ఏదైనా చేసుకోవాలని గానీ అనిపించిందా, అమ్మని అడుగు.

పాప అడగలేదు. అమ్మ వైపు తిరగనే లేదు. బల్ల మీద కాగితం వైపు చూసింది, చున్నీ కొసని వేలికి చుట్టుకుంది, ఒడియాలో "లేదు సార్" అంది. ఆయన సున్నా వేశారు. బయట తర్వాతి నంబరు పిలిచారు.

నేను లేచి వాళ్ల వెనకాలే వరండాలోకి వెళ్లాను. ఏ ఊరమ్మా అని తెలుగులో అడిగేసరికి ఆమె నా చెయ్యి పట్టుకుంది. కుళాయి పక్కన గట్టు మీద కూర్చున్నాం. అయిదు నిమిషాలు కూడా కాలేదు, నేను ఆ ప్రశ్న అడగక ముందే అంది: "రాత్రిళ్లు సంద్రం సప్పుడు ఇంటే గుండె జారిపోతాదమ్మా. ఆ గంగమ్మ నన్ను కూడా అట్టుకుపోతే తీరిపోను." పాప గోడ వైపు తిరిగి నిలబడింది. దానికి ముందే తెలుసు. ఆ ప్రశ్నకి జవాబు ఆ గదిలో అందరికంటే ముందు దానికే తెలుసు, అందుకే అడగలేదు.

వెంటనే ఆమెని మళ్లీ లోపలికి తీసుకెళ్లాను. డాక్టరుగారు కంగారుపడ్డారు, మందు మార్చారు, వాళ్ల అక్కని ఫోన్ చేసి పిలిపించాం, రాత్రిళ్లు ఒంటరిగా పడుకోకుండా ఏర్పాటు చేశాం. ఆమె ఇప్పుడు బానే ఉంది, నెలకోసారి వస్తోంది. కానీ ఆ రోజు నేను అక్కడ ఉండటం కేవలం ఫీల్డ్‌వర్క్ తేదీ కలవడం వల్ల. ఇంకో రోజు అయితే ఆ సున్నా సున్నాలాగే ఫైల్లో ఉండేది.

నేనెవర్నో చెప్పాలి కదా. బరంపురంలో తెలుగు వీధిలో పుట్టాను, విశాఖపట్నంలో సోషల్ వర్క్ చదివాను, బెంగళూరులో సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ఎంఫిల్ చేశాను, వేటకెళ్లి తిరిగిరాని మత్స్యకారుల భార్యల మీద పీహెచ్‌డీ చేశాను. పాతికేళ్లు దాటింది ఈ పనిలోకి వచ్చి. పాఠాలు చెప్పాను, పేపర్లు రాశాను, కాంట్రాక్టు ఉద్యోగాలు చేశాను, ఊళ్లమ్మట తిరిగాను. ఒకచోట 11 నెలల కాంట్రాక్టులో ఉన్నప్పుడు నెలాఖరున ఎన్ని కొత్త కేసులు అని మాత్రమే అడిగేవారు. ఒకే ఇంటికి ఆరుసార్లు వెళ్లి, ఆ ఇంటి కుర్రాడు మళ్లీ పనికి వెళ్లేలా చేస్తే రిజిస్టర్లో అది ఒకటే కేసు. కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ బాధ పోయింది, కానీ ఆ కుర్రాడి తర్వాత నేను వెళ్లాల్సిన ఇళ్లు నాలుగు ఉన్నాయి, వాటికి ఎవరూ వెళ్లలేదు, అది పోలేదు.

ఈ పని నాకు మొదట నేర్పింది ఒడియా భాష. ఇది ఒడియా మీద ఫిర్యాదు అని ఎవరైనా అనుకుంటే, దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవండి. 1999 అక్టోబరు 29న పెను తుపాను వచ్చినప్పుడు నేను విశాఖలో విద్యార్థిని. దాదాపు 10 వేల మంది పోయారు, ఎక్కువమంది జగత్‌సింగ్‌పూర్ జిల్లాలో, ఎరసమ వైపు. మా క్లాసు నుంచి కొందరం వెళ్లాం. మిగతావాళ్లు బియ్యం, పాలిథిన్ షీట్లు పంచారు. నాకు ఒడియా వచ్చు కాబట్టి నన్ను ఆడవాళ్ల దగ్గర కూర్చోబెట్టారు. నేను ఏమీ చెయ్యలేదు, విన్నాను అంతే. ఒకామె తన ఇద్దరు పిల్లల్లో ఏ చెయ్యి వదిలేసిందో చెప్పింది. అది ఇంకో భాషలోకి మార్చి చెప్పే మాట కాదు, ఎవరి ద్వారానో వినే మాట కూడా కాదు. అక్కడే తర్వాత ఊరి మనుషులకే శిక్షణ ఇచ్చి, స్నేహకర్మి అని పేరు పెట్టి, ఇంటింటికీ తిప్పారు. దుఃఖంలో ఉన్న మనిషి దగ్గరికి ఆ యాస వచ్చిన మనిషి వెళ్లాలి అన్నది ఒడిశా దేశానికి చూపించిన పద్ధతి. నేను అడుగుతున్నది అదే పద్ధతి, మా వీధుల్లో కూడా.

ఆ మూడు ఈసీజీల సంగతి చూడండి. ఆమె మూడుచోట్ల "గుండె జారిపోతోంది" అని చెప్పుకుంది. మధ్యలో మాట మార్చినవాళ్లు గుండె జబ్బు అని చెప్పారు. మూడుచోట్లా ఈసీజీ తీశారు, బాగుంది అన్నారు, గ్యాస్ మాత్ర ఇచ్చారు. మన ఆడవాళ్లు నాకు డిప్రెషన్ అని రారు. గాబరా అంటారు, ఒళ్లు మంటలు అంటారు, కాళ్లు పీకుతున్నాయంటారు, బెంగెట్టుకుంది అంటారు, జడుసుకుంది అంటారు. బెంగ వేరు, దిగులు వేరు, జడుపు వేరు. బెంగ ఒక మనిషి కోసం. జడుపు ఒక రాత్రి వల్ల. తెలుగు వినగలిగిన సోషల్ వర్కర్‌కి ఆ ఒక్క మాటతో సగం దారి దొరుకుతుంది, ఎవరి కోసం బెంగ, ఏ రాత్రి జడుసుకున్నావు అని అక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు. చావు గురించి కూడా సూటిగా చెప్పరు. దేవుడు తీసుకుపోతే బాగుణ్ణు, ఎటైనా పోవాలనుంది, ఇంక తీరిపోను, ఇలా అంటారు. తొమ్మిదో ప్రశ్నని పుస్తకం తెలుగులో అడిగితే "ఛ ఛ, అలాంటిదేం లేదండీ" అని తలొంచుకుంటారు.

ఆమె భర్త ఏమయ్యాడన్నది కాగితంలో లేనే లేదు. వేటకెళ్లాడు, పడవ దొరికింది, మనిషి దొరకలేదు. శవం లేదు కాబట్టి మరణ ధ్రువపత్రం లేదు, అది లేకపోతే పరిహారం లేదు, వితంతు పింఛను లేదు. ఏడేళ్లు కబురు లేకపోతేనే చనిపోయినట్టు భావించే నిబంధన సాక్ష్య చట్టంలో ఉంది. ఆ ఏడేళ్లూ ఆమె ఎవరు? బొట్టు పెట్టుకుంటే ఒక మాట, తీసేస్తే ఇంకో మాట. అమావాస్యకి అన్నం పెట్టాలా, గుమ్మంలో దీపం పెట్టాలా? నా పీహెచ్‌డీలో నేను కలిసిన వాళ్లలో చాలామంది ఆయన చొక్కా ఒకటి ఉతక్కుండా దాచారు. పాలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పని చేసి, ఉన్నాడో లేడో తేలని ఈ దుఃఖానికి విడిగా ఒక పేరు పెట్టారు. ఇందులో జబ్బు ఆ మనిషిది కాదు, తేలకపోవడమే బాధ అన్నారావిడ. అది నేను చదివినప్పుడు మా గోపాల్‌పూర్ ఒడ్డు కళ్ల ముందుకొచ్చింది. మందు అవసరమే, నేను మందుకి అడ్డం కాదు. కానీ ఆమెకి మాత్రతో పాటు ఫిషరీస్ ఆఫీసుకి, తహసీల్దారు దగ్గరికి తోడొచ్చే మనిషి కావాలి. ఆ పని డాక్టరుగారిది కాదు. అది సోషల్ వర్కర్ పని, మా చదువు ఉన్నదే అందుకు. 1918లో అమెరికాలో స్మిత్ కాలేజీ సైకియాట్రిక్ సోషల్ వర్క్ కోర్సు మొదలుపెట్టింది కూడా మొదటి ప్రపంచ యుద్ధంలో మనసు దెబ్బతిన్న సైనికుల కోసమే. మన దేశంలో సోషల్ వర్క్ చదువు 1936లో బొంబాయిలో మొదలైంది, ఇప్పటి టాటా ఇన్‌స్టిట్యూట్. ఒడిశా రాష్ట్రం ఏర్పడింది కూడా 1936 లోనే, ఏప్రిల్ 1న. రాష్ట్రం వయసూ మా వృత్తి వయసూ ఒకటే అని క్లాసులో చెప్తుంటాను.

తిత్లీ తుపాను గురించి కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానం కొబ్బరి తోటలు పడిపోయాయని పేపర్లన్నీ రాశాయి, అది నిజమే, కానీ ఇటు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి బరఘర దగ్గర తలదాచుకున్న మనుషులు తలదాచుకున్నచోటే పోయారు. తర్వాత నెల రోజులు నేను ఆ కొండల్లో తిరిగాను. కొండ మీద సవర గిరిజనుల ఊళ్లు, కింద తెలుగు, ఒడియా కలిసిన ఊళ్లు. నేను వెళ్లేసరికే ఒక ఇంటికి నాలుగు బృందాలు వచ్చి వెళ్లాయి. అందరూ ఒకటే ప్రశ్న, ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పు. చెప్పిందే చెప్పి ఆ పెద్దాయన నన్ను చూడగానే నేను అడక్కుండానే మొదలుపెట్టాడు, సినిమా వేసినట్టు, కళ్లల్లో ఏమీ లేదు. వద్దు తాతా, భోజనం చేశావా అని అడిగాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో విడుదల చేసిన ప్రథమ మానసిక సహాయం గైడులో ఇది స్పష్టంగా ఉంది, జరిగింది చెప్పమని ఒత్తిడి చేయొద్దు, ముందు భద్రత, తిండి, సొంతవాళ్లతో కలపడం చూడండి అని. మేకులు, రేకులు వచ్చాక, ఇల్లు కప్పుకున్నాక, అప్పుడు ఒకరోజు ఆయనే ఏడ్చాడు. అప్పుడు నేను చెయ్యగలిగింది పక్కన కూర్చోవడమే. ఆయన తెలుగులో ఏడ్చాడు, మనవడి పేరు పిలుచుకుంటూ. సవర ఊళ్లో నేను ఆ మాత్రం కూడా చెయ్యలేకపోయాను, నాకు ఆ భాష రాదు. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది.

పర్లాకిమిడి చుట్టుపక్కల తిరిగే నాకు ఈ మాట అనడానికి సిగ్గు వేస్తుంది, ఎందుకంటే అది గిడుగు రామమూర్తిగారు మాస్టారుగా పనిచేసిన ఊరు. సవర పిల్లలకి వాళ్ల భాషలో చదువు చెప్పాలని ఆయన ముందు తను ఆ భాష నేర్చుకున్నారు, వాచకాలు రాశారు, బడి పెట్టారు, తర్వాత వ్యాకరణమూ నిఘంటువూ తయారు చేశారు. ఇదంతా మన తాతల కాలంలో, మనకున్న సదుపాయాలేవీ లేకుండా. తెలుగువాళ్లకి తెలుగులో వినమని అడిగే నాకు, సవరవాళ్లకి సవరలో, కుయి మాట్లాడేవాళ్లకి కుయిలో వినమని అడిగే బాధ్యత కూడా ఉంది. అదీ ఈ ఉత్తరంలో భాగమే.

చట్టం మన వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగికి తన జబ్బు, వైద్యం గురించిన సమాచారం తనకి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రూపంలో అందాలి. అదే చట్టం 115వ సెక్షన్ ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, కేసు పెట్టి శిక్షించకూడదని చెప్పింది. ఈ సంగతి మా వీధుల్లో ఎవరికీ తెలీదు, పోలీసు కేసు అవుతుందని భయపడి పురుగుమందు తాగిన పిల్లల్ని కడుపునొప్పి అని చెప్పి చేర్పిస్తారు. 14416కి, అంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైనుకి, ఫోన్ చేస్తే తెలుగు ఎంచుకోవచ్చు. 2022 నుంచి ఉంది, మంచి పని, నేను అందరికీ ఆ నంబరు గోడ మీద రాసుకోమని చెప్తాను. ఫోన్‌లో దొరికిన తెలుగు ఆసుపత్రి గదిలో ఎందుకు దొరకకూడదు?

లెక్కలు ఏవి అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది, చాలామందికి వైద్యం అందట్లేదని కూడా. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఒడిశా అందులో లేదు, ఆంధ్రా లేదు. సరిహద్దుకి రెండు పక్కలా మనల్ని ఆ సర్వే లెక్కపెట్టలేదు. కాబట్టి లెక్క తేలాకే మనిషిని ఇస్తాం అంటే, ఆ లెక్క తీయడానికి కూడా ముందు మనిషే కావాలి.

ఇంక అడగాల్సింది అడుగుతాను. మొదటిది రేపే చెయ్యొచ్చు, రూపాయి ఖర్చు లేదు: ఏ మానసిక వైద్యం ఓపీలోనూ పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని దుబాసీగా వాడకూడదని ఒక సర్క్యులర్ ఇవ్వండి. భర్తని కూడా వద్దు, అత్తగారిని కూడా వద్దు, కొట్టే మనిషే తర్జుమా చేసిన గదులు నేను చూశాను. తెలుగు వచ్చిన నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఆశా దీదీ, ఎవరో ఒకరు ఈ జిల్లాల్లో ప్రతి ఆసుపత్రిలో ఉంటారు, వాళ్లకి రెండు రోజులు శిక్షణ ఇవ్వండి, ముఖ్యంగా ఆ తొమ్మిదో ప్రశ్న ఎలా అడగాలో, విన్నది బయట చెప్పకుండా ఎలా దాచుకోవాలో. ఆ శిక్షణ నేను ఇస్తాను, డబ్బు వద్దు. కానీ ఇది తాత్కాలికమే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ పోస్టు ఉంది, 1996 నుంచి నడుస్తున్న కార్యక్రమం. ఆ పోస్టులు నింపేటప్పుడు ఈ నాలుగు జిల్లాల వరకు స్థానిక భాష, తెలుగు గానీ సవర గానీ కుయి గానీ, ఒక అర్హతగా పెట్టండి, ఒడియాతో పాటు. 2017 చట్టం ఎంఫిల్ ఉన్నవాళ్లనే సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటుంది, అది చదవాలంటే మా పిల్లలు ఇల్లు వదిలి దూరం వెళ్లాలి, సీట్లు చాలా తక్కువ. కాబట్టి ఈ జిల్లాల నుంచి ఏటా ఇద్దరు ముగ్గురిని మీరే స్కాలర్‌షిప్ ఇచ్చి పంపండి, తిరిగొచ్చి అయిదేళ్లు ఇక్కడే పనిచేసే షరతు మీద. మా బ్యాచుల్లో వెళ్తామనే పిల్లలు ఉన్నారు. 11 నెలల కాంట్రాక్టు మీద తిరిగి రమ్మంటే మాత్రం ఎవరూ రారు, వాళ్లని తప్పు పట్టలేను.

ఇంకొకటి, ఒక గది. తలుపు వేసుకునే గది. ఇప్పుడు మాటలన్నీ కర్టెన్ వెనకాల జరుగుతున్నాయి, అవతల టోకెన్ పట్టుకున్న పక్కింటివాళ్లు వింటుంటారు.

ఈ ఉత్తరంతో పాటు మీకు పంపిన కవరులో తొమ్మిది ప్రశ్నలు మా ఒడ్డు తెలుగులో, పర్లాకిమిడి వైపు తెలుగులో రాసినవి రెండు ప్రతులు ఉన్నాయి. నా స్టూడెంట్స్, ముగ్గురు ఆశా దీదీలు, చేపలు అమ్మే ఇద్దరు పెద్దమ్మలు కూర్చుని ఒక్కో మాట మార్చుకుంటూ రాశారు. తొమ్మిదోదాని దగ్గర ఒక పూటంతా పట్టింది. మీ నిపుణుల చేత సరిచూపించి వాడండి, మా పేర్లు వెయ్యక్కర్లేదు.

ఆమె మళ్లీ వచ్చే గురువారం చూపించుకోవాలి. ఆ రోజు పాపకి పరీక్ష ఉందట. నేను వెళ్తున్నాను తోడు, పాపని బడికి పంపమని చెప్పాను. ఆ పై నెల గురువారం కూర్చోడానికి మీ మనిషి ఎవరో చెప్పండి, వాళ్లకి ఆమెని పరిచయం చేసి వస్తాను.

ఇట్లు,
బరంపురం నుంచి ఒక సోషల్ వర్క్ టీచరు